పిన్నుకి క్లిప్పు

ఆటోనగర్ నాలుగో క్రాసులో
పాత బస్సు ఛాసిస్ మీద ఇల్లు కట్టాం.
మంచం, స్టవ్వు, మడత బల్ల,
నిలబడి స్నానం చేసేంత చోటు.
కిటికీ తెరలు మాత్రం ఆవిడే కుట్టుకొచ్చింది:
జ్ఞానసుందరి గారు, గుంటూరు పెద్దాసుపత్రిలో
ముప్పైరెండేళ్లు రాత్రుళ్లు మేలుకున్న సిస్టరు.

"ఇంక పగళ్లన్నీ నావి" అంది.
"ఇంతిల్లు వేసుకుని కొత్తిమీరకి వెళ్తానా?
నా చిన్నది వెనకాల రావాలి."
చిన్నదంటే నీలం మారుతి.
కుడి తలుపుకి సొట్ట,
అద్దం ముందు రంగు వెలిసిన శిలువ.

నాగుల్ మీరా మామ తాడు వద్దన్నాడు.
"తాడుకి లాగటమే తెల్సు, ఆపటం తెలీదు.
ముందోడు బ్రేకేస్తే వెనకది వీపు మీద పడుద్ది."
రెండు చేతుల్లా విచ్చుకుని
కొసన ఒకే పిడికిలయ్యే ఇనప కమ్మీ చేశాడు.
బంపరు చర్మం కింద ఎముక దొరికేదాకా
వెల్డింగు వెలుగులో పడుకుని వెతికాడు.
అడ్డంగా రెండు గొలుసులు బిగించి
"వీటికెప్పుడూ పని పడకూడదు" అని
వాటినే ఎక్కువసేపు లాగి చూశాడు.

గేరు న్యూట్రల్లో. హ్యాండు బ్రేకు కిందికి.
ఆవిడ అలవాటు కొద్దీ తాళం లాగబోతే
"మెడ బిగుసుకుపోద్దమ్మా!
ఒక్క మెట్టు తిప్పి వదిలెయ్.
దాని మెడ దాన్ని తిప్పుకోనీ."
ఎంతమంది మెడల్ని నెమ్మదిగా తిప్పిందో,
ఆవిడకి మళ్లీ చెప్పక్కర్లేకపోయింది.

మహానాడు రోడ్డులో మొదటి ట్రయల్.
నేను బస్సు వెనక కిటికీలో.
ఖాళీ సీటు ముందు స్టీరింగు
తనంతట తనే తిరుగుతోంది.
మలుపులో బస్సు ఎంతో అదీ అంతే,
కాస్త ఆలస్యంగా,
మాట విని ఆలోచించి ఒప్పుకున్నట్టు.
ఆవిడ బ్రేకు తొక్కినప్పుడల్లా
వెనకదాని కళ్లు ఎర్రబడుతున్నాయి.
ఆ వైరు కలిపింది నేనే.

ప్రసాదంపాడులో దారి తప్పాం.
సందు. ఎదురుగా నీళ్ల ట్యాంకరు.
ఆవిడ రివర్సు వేయబోయింది.
మామ కిటికీలోంచి సగం బయటికొచ్చి అరిచాడు:
"వెనక్కొద్దు! జడ కట్టుకున్న బండికి వెనక్కి లేదు!"
దిగి, విప్పి, చిన్నదాన్ని చేతుల్తో తోసి,
పెద్దదాన్ని తిప్పి, మళ్లీ కట్టి...
ట్యాంకరు వాడు మొదట తిట్టాడు,
తర్వాత తనూ దిగి తోశాడు.

చెరుకు రసం బండి దగ్గర
మామ మొలతాడుకున్న క్లిప్పు చూపించాడు.
చిన్న తీగ. పదిహేను రూపాయలు.
ఓసారి వారధి మీద
పిన్ను పెట్టి ఇది మరిచాడట.
గతుకు గతుక్కీ పిన్ను ఇంచీ ఇంచీ లేచి
కారు మర్యాదగా సెలవు తీసుకుని
రెయిలింగు పక్కకెళ్లి ఆగిందట.
లోపల ఎవరూ లేరు.
"లేరుగా" అన్నాన్నేను.
మామ రసం తాగలేదు.
గ్లాసు తిరిగిచ్చేశాడు.

గురువారం పొద్దున్నే ఆవిడ బయల్దేరింది.
మామ చెప్పింది ఒక్కటే:
"ఆగిన చోటల్లా దిగు. చూడొద్దు, చేత్తో తడుము.
కళ్లు అబద్ధమాడతయ్."
బెంజి సర్కిల్ వైపు పెద్ద ఇల్లు,
దాని వెనక నాలుగు చక్రాలూ నేల మీదే ఆనించి
చిన్న నీలం.

పదకొండింటికి ఫోను.
మామ గ్రీజు చేత్తోనే ఎత్తి చెవికి ఆనించాడు.
"చిలకలూరిపేట. టీకి ఆగాను" అంది.
కాసేపు లారీల హోరు.
ఎక్కడో వంగుతున్న నడుము చప్పుడు, ఊపిరి.
"ఉంది."
అంతే, పెట్టేసింది.
మామ మొలతాడు తడుముకుని
పాన ఇవ్వరా అన్నాడు.